నాలుగు గొంగళ్ల బరువు

విమానంలో సరుకు సర్దడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లకు పైగా వాయుసేనలో చేసింది అదే. నేను విమానం నడిపానని ఈ పట్నంలో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు, నేనూ కాదన్న పాపాన పోలేదు. మహబూబ్‌నగర్‌కు బస్సులో గంట దూరంలో ఉంటుంది మా చిన్న పట్నం. రిటైరై ఇక్కడ దిగిన నాటి నుంచి నా పేరు మరుగున పడి 'మిలిటరాయన' మిగిలింది. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో చెబితే మీరు నవ్వుతారు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఉత్తరాన కొండల దేశంలో భూకంపం వచ్చింది. అప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. అక్కడి రన్‌వే పొట్టిది, కొండల మధ్య గాలి పలుచన. మేం ప్రతి పెట్టెనూ తూచి, బరువు దాని మీదే రాసి ఎక్కించేవాళ్లం. ఒకసారి ఒక్క మందుల పెట్టె మిగిలిపోయింది. ఎక్కిస్తే బరువు మించుతుంది. పైలట్ తన సంచీ దింపాడు, మా సంచీలూ దింపమన్నాడు, పెట్టె ఎక్కింది. మూడు రోజులు మేం ఆ బట్టలతోనే ఉన్నాం. తిరుగు ప్రయాణంలో పెట్టెలు దించిన చోటే కాళ్లు విరిగిన మనుషుల్ని పడుకోబెట్టి తెచ్చాం. ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మాకూ ఆ ధ్యాస లేదు.

ఈమధ్య సముద్రం అవతలి దేశంలో భూమి కదిలింది. తూర్పు తీరంలోని రేవు నుంచి మన నౌకలు సాయం మోసుకుపోతున్నాయని టీవీలో చూపించారు. అది చూసి మా లీడరుకు ప్రజాసేవ పూనింది. ఏ పదవీ లేకపోయినా ఆయన్ని అందరూ లీడర్ సాబ్ అనే అంటారు. ఆ పిలుపు ఆయన తనకు తానే పెట్టుకుని ఊరికి నేర్పాడు. తెల్లారేసరికి 'భూకంప బాధితుల సహాయ కమిటీ' పుట్టింది, చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన నిలువెత్తు ఉన్నాడు. ఒక మూల గోళీకాయంత నా ఫొటో, కింద 'మాజీ సైనికుడు' అని. ఆయన్ని వెక్కిరిస్తున్నాను గానీ, ఆ ఫ్లెక్సీ చూడటానికి నేను ఆ చౌరస్తాకు పని లేకుండా రెండుసార్లు వెళ్లాను.

కమిటీకి నేను రెండు మాటలు చెప్పాను. టార్పాలిన్లు, దుప్పట్లు, మందులు తప్ప ఏమీ వద్దన్నాను. కలెక్టర్ ఆఫీసు నుంచి లెటర్ లేకుండా రేవులో ఎవడూ గేటు తీయడన్నాను. లీడరు చెవి అప్పగించి విన్నాడు. ఆ చెవిలోంచి ఈ చెవికి దారి ఎంత సాఫీగా ఉందో తర్వాత తెలిసింది.

ఇక మా ఊరి దానగుణం చూడాలి. కాలర్ చిరిగిన చొక్కాలు వచ్చాయి. ఒంటికాలి చెప్పులు వచ్చాయి. భూకంపంలో అందరికీ ఒక్కో కాలు పోయిందనుకున్నారేమో. ఎవరి పెళ్లిలోనో పంచిన గోడ గడియారాలు వచ్చాయి, ముళ్ల వెనక పెళ్లికొడుకు పెళ్లికూతురు నవ్వుతున్నారు. గోడలు కూలిన వాళ్లకు గోడ గడియారాలు! ఇంట్లో అటక ఖాళీ చేసుకోవడానికి ఇంతకు మించిన ముహూర్తం లేదని అందరికీ ఒకేసారి తోచింది. ప్రతి మూటకూ లీడరు బొమ్మ స్టిక్కరు. బరువు రాయాల్సిన జాగాలో ఆయన మీసం.

మసీదు వెనక వీధి దర్జీ భార్య మాత్రం పెద్ద సీసాలో నిమ్మకాయ తొక్కు తెచ్చింది. వాళ్లూ అన్నం తినేవాళ్లేనట, ఉత్త అన్నం ఎట్లా దిగుతుందని ఆమె అడిగింది. మేమంతా నవ్వాం. ఆ కుప్పలో అవతలివాడి ఆకలి గురించి ఆలోచించి తెచ్చిన వస్తువు అదొక్కటేనని ఆ పూట నా బుర్రకు తట్టలేదు.

ఆ సాయంత్రమే పక్క పల్లె నుంచి గొంగళ్లు నేసే ముసలాయన వచ్చాడు. భుజాన నాలుగు గొంగళ్లు, నల్లని ఉన్నివి, తెల్లని అంచువి, కొత్తవి. కమిటీ వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన గొర్ల మందతో మరాఠా దిక్కు పోయి ఉండగా అక్కడ భూమి కదిలిందట. తలదాచుకున్న ఇంటి గోడ కూలింది. పైన వాన, పక్కన చంటిబిడ్డతో భార్య. మిలిటరీ లారీ వచ్చి ఆగింది. ఒక జవాను లారీలోని దుప్పట్లు అయిపోయాయని తాను కప్పుకున్న రగ్గు తీసి బిడ్డకు చుట్టి వెళ్లిపోయాడు. బిడ్డ బతికాడు, ఇప్పుడు వాడే మంద కాస్తున్నాడు. ఆ జవాను ముఖం కూడా సరిగా చూడలేదని ముసలాయన బాధ.

"గా కమిటీ గిమిటీ నాకెర్కలేదు బిడ్డా," అన్నాడు. "నీ చేతికిస్తున్న. మిలిటరోళ్ల చేతుల పడితె చేరినట్టె."

నేను పాత అలవాటుగా నాలుగింటినీ పక్క కిరాణా దుకాణంలో తూచాను. పది కిలోలు. అట్టముక్క మీద బరువు రాసి పైదాని అంచుకు దారంతో కట్టాను. అది చూసి ఆయన ముఖం వెలిగింది. అచ్చం మిలిటరీ పనే అనుకున్నాడు పాపం.

మర్నాడు లారీకి జెండా ఊపే పండుగ. గొంగళ్లు పైన కనబడేట్టు పెట్టబోతే లీడరు ముక్కు మూసుకున్నాడు. గొర్రె వాసనట. ఫొటోలో మంచిగా రావట. ఆయన పంచే పలుచని మెరుపు చద్దర్లు ముందుకొచ్చాయి, అవి కప్పుకుంటే చలి పెరుగుతుంది. గొంగళ్లు డ్రైవరు సీటు వెనక్కి పోయాయి. నేను నోరు తెరవలేదు. అప్పటికే నా మెడలో శాలువా పడింది మరి.

లారీ వెంట నేను రేవు దాకా పోవాలనేది మాట. మోకాలు నొప్పి అన్నాను. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం జూనియర్ కాలేజీలో నాకు సన్మానం ఉంది. విపత్తుల్లో సైన్యం పాత్ర గురించి ముప్పావుగంట మాట్లాడాను. సంచీ దింపుకున్న పైలట్ కథ కూడా చెప్పాను, కాస్త మార్చి. ఆ మార్పులో సంచీ నాది.

నెల తిరక్కుండా టీ హోటల్లో లారీ డ్రైవరు కలిశాడు. రేవు ఎట్లా ఉందని అడిగాను. ఏ రేవని ఎదురడిగాడు. లారీ షాద్‌నగర్ దాటలేదు. అక్కడ లీడరు బామ్మర్ది గోదాములో దించమన్నారట, దించాడట.

లీడరు దగ్గరికి ఉరికాను. ఆయన తొణకలేదు. కలెక్టర్ లెటర్ కోసం ఎవరూ పోనేలేదట. "అన్నా, మన భావన ముఖ్యం," అన్నాడు, "సామాను ఏముంది, గడ్డి." బాధితుల ఫొటోలు ఎట్లాగూ టీవీల్లో వచ్చాయి, మన ఫొటోలు పేపర్లో వచ్చాయి, ఇంకేం కావాలన్నట్టు చూశాడు. ఆయన మీద ఉమ్మేయాలనిపించింది. ఆయన ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను.

ముసలాయనకు ఏదో ఒకటి చెప్పాలి. వారం రోజులు వాయిదా వేసి, ఒక ఆదివారం సాయంత్రం వెళ్లాను. మగ్గం మీది ఉన్ని పోగులకు చింతగింజల గంజి పట్టిస్తున్నాడు. నన్ను చూసి కుంచె పక్కన పెట్టాడు, కూర్చోమని పీట జరిపాడు. దారంతా అల్లుకుంటూ వచ్చిన అబద్ధం నోట్లో సిద్ధంగా ఉంది.

"చేరినయి పెద్దయ్యా. ఓడ దిగంగనే పంచిండ్రట," అన్నాను.

ఆయన చేతికంటిన గంజి తుడుచుకుంటూ, కొడుకు పోయిన వారం లీడరు మామిడితోటలో ఎరువు కోసం మంద ఆపాడని, అన్నం సద్ది ఇయ్యడానికి తాను అక్కడికి పోయానని చెప్పాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

"చేరినయి బిడ్డా, నేను సూసిన," అన్నాడు. "తోటల బంగ్లా అరుగు మీద లీడరు కుక్క ఒక గొంగడి మీద పండుకున్నది. నా అంచు నాకెర్క గాదా. నువ్వు రాసి కట్టిన అట్టముక్క గూడ గట్లనే ఉన్నది. కుక్కకు వెచ్చగనే ఉన్నట్టుంది."

తల వంచుకుని కూర్చున్నాను. మిగిలిన మూడూ ఎక్కడున్నా వెతికి తెస్తానని గొణిగాను. ఆయన కుంచె అందుకుని మళ్లీ పోగుల వైపు తిరిగాడు. గొంగళ్లు మోసుకొచ్చిన నాటి నుంచి ఆయన నన్ను బిడ్డా అనో, మిలిటరాయనా అనో తప్ప పిలిచి ఎరగడు.

"ఇగ పో," అన్నాడు చేతిలో పని ఆపకుండా. "పొద్దువోతాంది, లీడర్ సాబ్."