దుర్గాదేవి చెప్పిన జవాబు

చోడవరంలో పంటినొప్పి వచ్చినవాళ్లు డాక్టరు పేరు చెప్పరు. "దుర్గాదేవి ఉంటాది చూడు, ఆ ఆసుపత్రి" అంటారు. బస్టాండు దాటాక మందుల దుకాణం మీద మేడ. ముందు గదిలో ఒక బల్ల, రెండు బెంచీలు. లోపలి గదిలో పళ్ల కుర్చీ. ఆ కుర్చీ పక్కన దుర్గాదేవి నిలబడడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. మొదటి డాక్టరుగారు వయసు మీదపడి మానుకున్నారు. ఇప్పుడు ఆయన మేనకోడలు ఫణిశ్రీ చూస్తోంది. దుర్గాదేవి మాత్రం మారలేదు.

ఆమె నర్సు కాదు. చదివింది పదో తరగతి. పని మొత్తం చూసి నేర్చుకున్నదే. కిందటేడు నా దవడపంటికి వైద్యం చేయించుకోవడానికి నాలుగుసార్లు ఆ మేడ ఎక్కాను. మత్తు పట్టేదాకా ఆగే పావుగంటలో, డాక్టరు రాకముందు ఖాళీగా ఉన్నప్పుడు, ఆమె ఈ విషయం నాకు కొంచెం కొంచెంగా చెప్పింది. నేను అడగలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలని ఆమెకే అనిపించినట్టుంది.

భయపడేవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టడం ఒక విద్య. సూదులు, పటకార్లు ఉన్న పళ్లెం మీద ఆమె ఎప్పుడూ ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంచుతుంది. మనిషి వెనక్కి వాలి, కళ్లు పైకప్పు వైపు తిరిగాకే దాన్ని తీస్తుంది. ముసలివాళ్లకి మెడకింద తువ్వాలు మడిచి పెడుతుంది. చలికాలం పుక్కిలించడానికి ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్లు పోస్తుంది. "నొప్పెడితే ఎడం చెయ్యి లేపండి. చెయ్యి లేస్తే మేడం ఆపీస్తారు, అది నా పూచీ" అని అందరికీ చెబుతుంది. నిజంగానే ఆపించేది. ఆ మాట నమ్మే బుచ్చయ్యపేట నుంచి, కె.కోటపాడు నుంచి ఆడవాళ్లు ధైర్యంగా వచ్చేవారు.

ఒకసారి గోవాడ వైపు నుంచి చెరుకు ఎత్తే మనిషి ఒకడు వచ్చాడు. ఆరడుగుల వాడు. చెరుకుగడ పళ్లతో ఒలుస్తుంటే ముందుపన్ను సగానికి విరిగింది. సూది మాట వినగానే చెమటలు పట్టి కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఏటి బాబూ, మోపులు మోపులు లారీకి ఎక్కించీ మనిషివి. ఈపాటి సూదికే?" అంది దుర్గాదేవి.

"మోపు నన్ను పొడవదు కదమ్మా" అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే అతను మళ్లీ కూర్చున్నాడు, సూది కూడా వేయించేసుకున్నాడు.

కొత్తగా వచ్చినవారికి ముందు గదిలో కార్డు రాయడం కూడా ఆమె పనే. పేరు, ఊరు, బీపీ, షుగరు, వాడే మందులు. చివర చుట్ట, బీడీ, ఖైనీ అలవాటు ఉందా అని ఒక వరస. మగవాళ్లని ఆ ప్రశ్న నవ్వుతూ అడిగేసేది. పెద్ద వయసు ఆడవాళ్లని మాత్రం అడిగేది కాదు. వాళ్ల వైపు చూడకుండా "లేదు" అని తనే రాసేసేది. ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఉన్నది అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదవులు మూసేస్తారు. ఊడుపుల్లో వంగి ఉన్నప్పుడు వానకి, గాలికి ఆరదు. రెండు చేతులూ నారుకి ఖాళీగా ఉంటాయి. కూలికెళ్లిన తల్లి దగ్గర కూతురు నేర్చుకున్న అలవాటు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. బయటి మనుషుల ముందు, అందులోనూ డాక్టరు ముందు, ఆ మాట అనిపించుకోవడం వాళ్లకి చిన్నతనం. ఆ చిన్నతనం కలగకుండా చూడడం కూడా తన పనిలో భాగమే అనుకుంది దుర్గాదేవి.

ఆమె అత్తగారు సన్యాసమ్మది కూడా ఆ అలవాటే. పదిహేనో ఏట పట్టుకుంది. భోజనం అయ్యాక పెరట్లోకి వెళ్లి, గోడ వైపు తిరిగి కూర్చుని కాల్చుకునేది. దుర్గాదేవి భర్త పెదబాబు చెరుకు ట్రాక్టరు తోలేవాడు. సీజను ఉన్నన్నాళ్లే సంపాదన. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆసుపత్రిలో ఈ పని ఉందని తెలిసింది. మగవాళ్ల నోళ్లలో చేతులు పెట్టే పనేమిటని వీధిలో రకరకాలుగా అన్నారు. పెదబాబు కూడా గొణిగాడు. సన్యాసమ్మ ఒక్కమాటతో తేల్చేసింది. "నాను బురదలో సెయ్యి పెట్టి నిన్ను పెంచేను. అది నోట్లో సెయ్యి పెడితే తప్పేటి?" ఆ తరువాత పిల్లలిద్దరినీ స్నానం దగ్గర్నుంచి బడి దాకా ఆమే చూసుకుంది. ఆ ఒక్కమాట లేకపోతే తను ఇంట్లోనే ఉండిపోయేదాన్నని దుర్గాదేవి నాతో రెండుసార్లు అంది.

మూడేళ్ల క్రితం సన్యాసమ్మకి చివరి రెండు పళ్లు కూడా ఊడిపోయాయి. అన్నం పిసికి మింగడమే. దుర్గాదేవి ఆమెకి పళ్ల సెట్టు కట్టించాలనుకుంది. ఇన్నేళ్లు ఎవరెవరినో కూర్చోబెట్టిన కుర్చీలో అత్తగారిని కూర్చోబెట్టడం ఆమెకి ఒక ముచ్చట. ఆ రోజు కార్డు కూడా చకచకా రాసేసింది. చివరి వరసలో అలవాటు ప్రకారం "లేదు" అని పడింది.

కొలతలు తీసేముందు ఫణిశ్రీ అద్దం పెట్టి నోటి పైభాగం చూసింది. అంగిలి తెల్లగా, ఎండిన మడిలా బీటలు బీటలుగా ఉంది. మధ్యమధ్య ఎర్రని చుక్కలు. ఫణిశ్రీ విశాఖలో చదువుకున్న పిల్ల, ఇలాంటివి చూసి ఉంది. కార్డు వైపు ఒకసారి చూసి, "మామ్మగారూ, అడ్డపొగ అలవాటుందా?" అని మెల్లగా అడిగింది.

సన్యాసమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడలి వైపు చూసింది.

"ఎప్పుడో మానీసేరండి మేడం" అంది దుర్గాదేవి.

ఆ క్షణంలో తను ఆలోచించలేదంటుంది. జ్వరం వచ్చిన పిల్లకి దుప్పటి కప్పినట్టు మాట కప్పేసిందట.

ఫణిశ్రీ నమ్మింది. దుర్గాదేవి మాట నమ్మకపోవడానికి కారణమేముంది? మానేసిన మాట నిజమైతే ఈ తెలుపు దానంతటదే తగ్గుతుందని చెప్పింది. తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. "సెట్టు సరిగ్గా దీని మీదే కూర్చుంటుంది, ఏం జరిగినా మనకి కనబడదు. మూడు నెలలకి తప్పకుండా తీసుకురండి" అంది. మెట్లు దిగుతున్నంతసేపూ సన్యాసమ్మ ఏమీ మాట్లాడలేదు. పరువు నిలబెట్టినందుకు అత్తకి మాట రావడం లేదనుకుంది దుర్గాదేవి.

చెప్పిన అబద్ధాన్ని నిజం చేయాలని ఆమె గట్టిగానే ప్రయత్నించింది. చుట్టలు దాచేసింది. వక్కపొడి తెచ్చి పెట్టింది. సన్యాసమ్మ మూడు రోజులు ఆగి, నాలుగో రోజు పక్కింటి ఆవిడ దగ్గర అడిగి తెచ్చుకుంది. మళ్లీ మానడం, మళ్లీ మొదలు. సెట్టు తీసి గిన్నెలో పెట్టి, చుట్ట కాల్చుకుని, నోరు పుక్కిలించి మళ్లీ పెట్టుకునేది.

మూడు నెలలయ్యాయి. ఇప్పుడు తీసుకెళ్తే మేడం అద్దంలో చూసి అబద్ధం పట్టేస్తుంది. ఇంకో నెల ఆగి, పూర్తిగా మాన్పించి తీసుకెళ్దామనుకుంది. ఆ నెల అయ్యాక ఇంకో నెల. ఫణిశ్రీ గుర్తు పెట్టుకుని రెండుసార్లు అడిగింది. ఒకసారి చెల్లెలి ఊరు వెళ్లిందని, ఒకసారి కాలు బెణికిందని చెప్పింది. మూడోసారి ఫణిశ్రీ అడగలేదు.

ఏడో నెలలో సెట్టు ఒరుసుకుంటోందని సన్యాసమ్మ అంది. దుర్గాదేవికి అది కొత్త కాదు. సెట్టు పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఎక్కడో ఒకచోట ఒరుసుకుంటుంది. డాక్టరు ఆ చోట కాస్త అరగదీసి ఇస్తుంది. వందసార్లు చూసిన పని. దానికోసం మేడ ఎక్కించడం ఎందుకని, గరుకు కాగితంతో తనే ఇంట్లో రుద్దింది. ఆసుపత్రి నుంచి మంట తగ్గే జెల్ తెచ్చి వేలితో రాసింది. నొప్పి పోయింది. "నీ సెయ్యి పడితే సాలు" అంది సన్యాసమ్మ. ఆ మాటకి దుర్గాదేవి పొంగిపోయింది. పది రోజులకి మళ్లీ ఒరుసుకుంది. మళ్లీ రుద్దింది, మళ్లీ జెల్. అలా నాలుగు నెలలు.

"నొప్పి ఉంచీసి ఉంటే ఆవిడే గోల పెట్టి మేడం దగ్గరకి ఎల్లిపోయీది. నాను నొప్పి తీసీసేను" అని నాతో అంది దుర్గాదేవి. ఆ మాట అన్నప్పుడు ఆమె చేతులు పళ్లెం మీది గుడ్డని సర్దుతున్నాయి. అప్పటికే రెండుసార్లు సర్దింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సెట్టు కడుగుతుంటే లోపలి వైపు రక్తం కనిపించింది. అత్తగారిని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవమని ఫోను లైటు వేసింది. తెల్లని అంగిలి మధ్యలో రూపాయి బిళ్లంత గుంట. అంచులు గట్టిపడి పైకి లేచి ఉన్నాయి. ఇరవై ఏళ్లు ఆ కుర్చీ పక్కన నిలబడిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు ఉదయం ఆసుపత్రి తలుపులు తీయకముందే అత్తగారితో మెట్ల మీద కూర్చుంది. ఫణిశ్రీ లైటు దించి చాలాసేపు చూసింది. తరువాత లైటు ఆపి, దుర్గాదేవిని కాకుండా సన్యాసమ్మనే అడిగింది.

"మామ్మగారూ, చుట్ట ఎప్పుడు మానేశారు?"

"మానలేదమ్మా. నిన్న సాయంత్రం కూడా కాల్సేను" అంది సన్యాసమ్మ. దాచలేదు, తల దించుకోలేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

ఫణిశ్రీ దుర్గాదేవి వైపు తిరగలేదు. విశాఖ పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి ఇచ్చింది. అక్కడి డాక్టర్లు ముక్క పరీక్ష చేసి క్యాన్సరని తేల్చారు. ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదని ఒకాయన అన్నాడు, కాగితాల మీంచి తలెత్తకుండానే. అంగిలి సగం తీసేశారు. తరువాత ముప్పై రోజులు రేడియేషన్ కరెంటు పెట్టారు. పెదబాబు సీజను వదిలేసి తల్లి దగ్గర ఉన్నాడు. భార్యని ఒక్కమాట అనలేదు. అతనికి ఆ జవాబు సంగతి ఇప్పటికీ తెలియదు.

సన్యాసమ్మ బతికింది. తీసేసిన చోట మూయడానికి ఒక ప్లేటు అమర్చారు. అది లేకపోతే తాగిన గంజి ముక్కులోంచి వచ్చేస్తుంది, మాట ఎవరికీ అర్థం కాదు. చుట్ట ఇప్పుడు తాగాలన్నా తాగలేదు.

ఆసుపత్రిలో ఎవరూ దుర్గాదేవిని పనిలోంచి పొమ్మనలేదు. ఒకరోజు ఉదయం ఆమె వచ్చేసరికి కార్డుల పెట్టె ముందు గది బల్ల మీద లేదు. ఫణిశ్రీ దాన్ని లోపల తన దగ్గర పెట్టుకుంది. అప్పట్నుంచి ప్రశ్నలన్నీ తనే అడుగుతోంది, ముసలమ్మలని కూడా. వాళ్లలో చాలామంది నిజమే చెబుతున్నారు. కొంగు అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ, కానీ చెబుతున్నారు. దుర్గాదేవి పక్కన నిలబడి వింటుంది. ఇన్నేళ్లలో తను "లేదు" అని రాసిన కార్డులు ఎన్నో ఆమెకే తెలియదు. ఆ ఆడవాళ్లని పిలిపిద్దామని తనే అడిగింది. ఇద్దరూ కూర్చుని పాత కార్డులు తీశారు. దొరికిన నంబర్లకి ఫోన్లు చేశారు. కొందరు వచ్చారు. కొన్ని నంబర్లు ఇప్పుడు లేవు. ఇద్దరు ముగ్గురి ఇళ్లలో మనిషే లేదన్నారు. ఏమై పోయారని అడగకుండానే దుర్గాదేవి ఫోను పెట్టేసింది.

ప్లేటు కడిగి పెట్టడం దుర్గాదేవి పనే. రోజూ పొద్దున్నే సబ్బునీళ్లలో కడిగి, అత్తగారి గడ్డం పట్టుకుని, బొటనవేలితో లోపలికి నొక్కుతుంది. కిందటేడు సంక్రాంతి వెళ్లిన తరువాత ఒకరోజు, అది నొక్కి చెయ్యి తీస్తూ, ఏడాదిగా గొంతులో ఉన్నది అడిగేసిందట.

"అత్తా, ఆ రోజు నాను అడ్డు రాకపోతే మేడంకి నిజం సెప్పీదానివా?"

సన్యాసమ్మ ప్లేటు కుదురుకునేలా రెండుసార్లు దవడ ఆడించింది.

"ఏటో. సెప్పీదాన్నేమో, సెప్పకపోదునేమో. నాకూ సిగ్గే" అంది. "నాకు తెలీనిది ఒకటుందే దుర్గా. నువ్వు నా పరువు కోసం సెప్పేవా, నీ పరువు కోసం సెప్పేవా? ఆ మెట్లు దిగినంతసేపూ అదే ఆలోసించేను" అంది.

ఆ మాటలో కోపం లేదట. ఉంటే బాగుండునంటుంది దుర్గాదేవి. ఆసుపత్రిలో అందరూ గౌరవంగా చూసే మనిషి అత్తగారు కూలివాళ్లలా అడ్డపొగ కాలుస్తుందని చిన్న డాక్టరుకి తెలియకూడదని తను అనుకుందా? లేదని చెప్పడానికి నోరు తెరిచింది. ఈసారి జవాబు అంత తొందరగా రాలేదు.

"గంజి ఆరిపోతంది, పెట్టు" అంది సన్యాసమ్మ.