నడుస్తున్న కారులో రెండు చేతుల దండం

ఈ సాయంత్రం నా పాత ఆస్టిన్ కారులో భవానీపురం నుంచి వస్తూ, దుర్గమ్మ కొండ దగ్గర ఎప్పటిలాగే పక్కకు తీసి ఆపాను. పెట్రోలు ధర మండిపోతోంది కనుక ఇంజన్ కూడా కట్టేసి, కళ్లు మూసుకుని అమ్మవారికి దండం పెట్టుకుంటున్నాను. ఇంతలో వెనక నుంచి ఒక టాక్సీ వచ్చి ధడాలున గుద్దింది. ఇన్నేళ్లుగా గీత పడకుండా కాపాడుకున్న బంపర్ సొట్టపోయింది!

దిగి చూద్దును కదా, టాక్సీ డ్రైవరు చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"స్టీరింగ్ వదిలేశావేంటయ్యా?" అని అరిచాను.

"అమ్మోరికి ఒంటిచేత్తో దండం పెడతామాండీ?" అన్నాడు, తప్పు నాదైనట్టు.

పోగైన జనంలో ఒకాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "దండానికి బండి ఆపడమేంటండీ, మీ చాదస్తం కాకపోతే! వెనకొచ్చేవాళ్లు ఏమైపోవాలి?" మిగతావాళ్లంతా అవునవునని తలలూపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. భక్తి నాకూ ఉంది. కానీ బండి నడిపేవాడి చేతులు ముందు స్టీరింగ్‌వి, ఆ తర్వాతే దేవుడివి. ఈ ముక్క ఈ ఊళ్లో ఎవరికీ ఎక్కదు.

మీరే చెప్పండి. రేపటి నుంచి అమ్మవారి ఎదుట నేను కళ్లు మూసుకోవాలా, అద్దంలో వెనక్కి చూసుకోవాలా?