వెలుతురు దూరే రాయి

మా బాబాయి పని రాళ్ల ప్రయోగశాలలో. రాతి ముక్కను గాజుపలకకు అతికించి, వెలుతురు దూరేంత పలచగా అరగదీయాలి. చెయ్యి రవ్వంత ఎక్కువ ఆడిందా, రాయే మిగలదు. అలాంటి రోజున తన చేతిని తానే తిట్టుకోలేడు కదా! ఇంట్లో పిన్ని ఉంది.

రిటైరయ్యే రోజున పిన్నినీ నన్నూ ప్రయోగశాల లోపలికి తీసుకెళ్లి, ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. బూడిదరంగు రాతిలో నీలం, పసుపు, గులాబీ మెరిశాయి.

"ఒకప్పుడిది ఒట్టి బురదే," అన్నాడు గర్వంగా. "భూమి లోతున వేడికీ బరువుకీ నలిగి నలిగి, కరక్కుండానే అభ్రకమైంది. ఆ రంగులన్నీ దానివే."

పిన్ని కన్ను తియ్యకుండానే అంది:

"నలిగితే ఇన్ని రంగులొస్తాయా? అయితే నన్నూ ఓసారి దీని కింద పెట్టి చూడండి."