ఎక్స్‌రే మీద తోటకూర

ఏళ్ళ తరబడి రోజు తప్పకుండా డైరీ రాసే నాకు, మొన్న ఆదివారం గురించి ఏం రాయాలో తోచలేదు. ఆ పొద్దున రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం నాచారం నుంచి ఉప్పల్ దాకా గులాబీ చొక్కాల నడక సాగింది. మా ఎదురింటి తమ్ముడు, జబ్బు నయమైన తన భార్య చెయ్యి పట్టుకుని ముందు వరసలో నిలబడితే జనం చప్పట్లు కొట్టారు. చూడ్డానికని వెళ్ళిన నాకు ఒళ్ళు మండింది. అసూయే, ఇంకో పేరు లేదు.

అదే దారిలో ఒకప్పుడు నేనూ మా ఆవిడా నడిచాం. దవాఖానా నుంచి వస్తూ ఉప్పల్‌లో మా ఇంటిదాకా బస్సులో రాకుండా నాచారంలోనే దిగిపోయేవాళ్ళం. ఆమెకూ ఈ క్యాన్సరే; అది అంటుకునే జబ్బని నమ్మే రోజులవి. తెలిస్తే వీధిలో పేరంటాలకు పిలవరని ఆమె భయం. అందుకని బండి దగ్గర తోటకూర కట్టలు కొని, సంచిలో ఎక్స్‌రే కవరు మీద పరిచేది.

"జర మెల్లగ నడువుండ్రి. బజారుకు పోయొచ్చినోళ్ళ లెక్క కనవడాలె" అనేది, ఆయాసం దాచుకుంటూ.

అప్పుడే పెళ్ళయిన ఎదురింటి తమ్ముడు గేటు దగ్గరే ఆపేవాడు.

"ఏంది వదినా, దినాం తోటకూరేనా? అన్నకు జర కోడికూర గిట్ల పెట్టు!"

"మీ అన్న బర్రె లెక్క, ఆకులే తింటడు" అని నవ్వించి, లోపలికొచ్చాక గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడేది. ఆ వానాకాలంలోనే ఆమె చనిపోయింది. వీధికి కామెర్లని చెప్పాం. ఎవరికీ చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకుంది, ఇన్నేళ్ళూ నిలబెట్టాను.

మొన్న తమ్ముడు నన్ను చూసి పిలిచాడు. "అన్నా, రారాదే! ఎవరి కోసం నడుస్తున్నమో ఈ అట్ట మీద పేరు రాసి పెట్టుకోవాలె."

అట్టను ఊరికే చేతిలో పట్టుకుని నిలబడ్డవాణ్ణి, ఆ ఇద్దరి చేతులూ చూసి ఉండబట్టలేక ఆమె పేరు రాసేశాను.

అతను చదివి నోరు తెరిచాడు. "వదినకా? మాతోని కామెర్లన్నవ్ గదనే... మరి ఆ తోటకూర?"

నేను తలూపాను. అతను పక్కకు జరిగి, నన్ను ముందు వరసలో తన భార్య పక్కన నిలబెట్టాడు.

ఉప్పల్ దాకా చప్పట్లే. ఇప్పుడు జబ్బు పేరు బ్యానరు మీద అంత పెద్ద అక్షరాల్లో రాస్తారు, చదివినవాళ్ళు దగ్గరికొచ్చి చెయ్యి కలుపుతారు. సంతోషించవలసిందే. కానీ నా అసూయ తగ్గలేదు. మా ఆవిడ మాత్రం ఆ దూరమంతా, ఒక్కరూ గుర్తుపట్టకూడదని, బజారు నుంచి వస్తున్నట్టే నడిచింది.