పిడి మీద బొట్టు

తొంభైలలో జంగారెడ్డిగూడెం దగ్గర మా పామాయిల్ తోటలోనే కాపురం ఉండేవాళ్ళం. లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం వాడి తీసేసిన రివాల్వర్ ఒకటి రాజమండ్రిలో తుపాకుల కొట్టులో కొన్నాను. "అంతా బాగుచేసే ఇస్తున్నానండి. కళ్ళు మూసుకుని వాడుకోండి" అన్నాడు కొట్టాయన.

దసరా వెళ్ళిన వారంలోనే ఓ సాయంత్రం తోటలో అడవిపంది నామీదికి దూసుకొచ్చింది. గాల్లోకి పేల్చి బెదరగొడదామని ట్రిగ్గర్ నొక్కితే, గుళ్ళుండే చక్రం కదలనే లేదు. మోటారు షెడ్డు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాను.

మర్నాడే గుళ్ళు తీసేసి కొట్టుకి పట్టుకెళ్ళాను. ఆయుధపూజకి మా ఆవిడ పెట్టిన బొట్టు చూసి ఆయన నవ్వాడు.

"కుంకం పూసేస్తే చక్రం ఎలా తిరుగుద్దండీ? తప్పు మీదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. బొట్టు ఉన్నది చక్రం మీద కాదు, పిడి మీద! పైగా ఆయన వెనక అద్దాల బీరువాలో ప్రతి తుపాకీకీ బొట్టుంది.

"అయితే అవి కూడా పేలవన్నమాట! వీళ్ళకి ఆ సంగతి చెప్పే అమ్ముతున్నారా?" అని కొట్టు దద్దరిల్లేలా అరిచాను. బేరానికొచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళయినా ఆ పంది మీద నాకు కోపం లేదు. అది నన్ను కళ్ళు మూసుకోమని చెప్పి మీదికి రాలేదు.