మంచుతో వచ్చిన బ్యాండు

మా రాయగడ రైల్వే కాలనీలో బ్యాండు మేస్టారు పగలు పట్టాల మీద గ్యాంగ్‌మేన్, పెళ్లిళ్లలో ట్రంపెట్ వాద్యగాడు. ఊరేగింపు పందిరి చేరినా ఆపేవాడు కాదు. వెనక్కి తిరిగి, కళ్లు చిట్లించి చూస్తూ, చివరి మనిషి లోపలికి వచ్చేదాకా వాయించేవాడు.

బ్యాండు మన దేశానికి తెల్లవాళ్ల పటాలాలతో వచ్చిందని లైబ్రరీలో చదివి, ఓసారి ఆయనకు గొప్పగా చెప్పాను.

“అలాగా? మా ఊరికి మాత్రం మంచుతో వచ్చింది బాబూ,” అని నవ్వాడు.

శ్రీకాకుళం తీరాన వాళ్లది జాలర్ల ఊరు. మంచు కమ్మితే పడవలకు ఒడ్డు ఎటుందో తెలియాలని పెద్దలు పాత వాయిద్యాలు కొన్నారట. ఆఖరి పడవ వచ్చేదాకా పాట ఆపకూడదు.

“ఒకపాలి అలిసిపోయి ఆపీసినాం. మా అన్న రాలేదు.”

డెబ్బైల్లో ఒక పెళ్లి. ముహూర్తం దగ్గరపడినా ట్రంపెట్ ఆగలేదు. పెళ్లికూతురి తండ్రి మండిపడ్డాడు.

“ఆపవయ్యా! సెవుడా ఏటి? మంత్రాలు ఇనపడొద్దా? ఇంకోపాలి నిన్ను పిలిస్తే ఒట్టు!”

మేస్టారు చూపు వీధి చివరే ఉంది. అక్కడ పెళ్లికొడుకు నాయనమ్మ కర్ర పోటు వేసుకుంటూ ఒంటరిగా వస్తోంది. ఆవిడ పందిట్లో అడుగుపెట్టాకే ఆయన ట్రంపెట్ దించాడు.

“ఇప్పుడు కానీయండి బాబూ. అందరూ ఒడ్డుకొచ్చీసినారు.”