పొగ లేని కుంపటి

కోవిడ్ సద్దుమణిగిన తర్వాతి చలికాలంలో నేను జంషెడ్‌పూర్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో వైద్యాధికారిని. గ్యాస్ లైన్ల మీద పనిచేసేవారిని ఏటా పరీక్షించి ఫిట్ అనో అన్‌ఫిట్ అనో రాయాలి. అన్‌ఫిట్ అని రాస్తే ఇరవయ్యేళ్లుగా నేర్చిన పని ఒక్క సంతకంతో పోయినట్టే.

అప్పలరాజు బిర్సానగర్‌లో ఉండే గ్యాస్ ఫిట్టరు, తాతలది శ్రీకాకుళం వైపు. రెండు నెలలుగా ఊరికే ఏడుస్తున్నాడనీ, అందరి మీదా విరుచుకుపడుతున్నాడనీ ఫోర్‌మన్ రాసి పంపాడు. చివర 'దిమాగ్ ఖరాబ్', అంటే మతి చెడిందని, తీర్పు కూడా ఇచ్చేశాడు.

మా దగ్గర గ్యాస్ అంటే కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. మెదడుకు ఆక్సిజన్ చాలకపోతే తలనొప్పే కాదు, దిగులూ కోపమూ కూడా పుట్టవచ్చు. అయితే అతను ఛాతీకి తగిలించుకునే గ్యాస్ మానిటర్ రికార్డులో ఒక్క అలారమూ లేదు. వేలికి ఆక్సీమీటర్ పెడితే తొంభై ఎనిమిది. ఇది గ్యాస్ వల్ల కాదనుకుని అన్‌ఫిట్ ఫారం తీశాను.

"డ్యూటీకొత్తే తల తేలికవుతాది బాబూ. సెలవు రోజే ఏడుపొత్తాది. మా ఇంటిదానికీ ఒకటే తలనొప్పి" అన్నాడు.

పెన్ను ఆగింది. పనిచేసే చోట గ్యాస్ తగులుతుంటే సెలవునాడు కదా నెమ్మదించాలి! పైగా ఆక్సీమీటర్ ఈ గ్యాస్‌ను కూడా ఆక్సిజన్ కిందే జమకడుతుంది. జూనియర్లకు పాఠం చెప్పినవాణ్ణే, కోవిడ్ రోజుల్లో దాన్ని నమ్మీ నమ్మీ ఆ ముక్క మరిచాను. సిగ్గేసింది.

షిఫ్టు దిగగానే మానిటర్ గేటు దగ్గర అప్పగించాలి. సేఫ్టీ ఆఫీసర్ని బతిమాలి, అతన్ని దాన్ని ఒక్కరోజు ఇంటికి పట్టుకెళ్లనిచ్చాను. మర్నాడు అప్పలరాజు పరుగున వచ్చాడు.

"తలుపేసి సిగ్డీ కాడ కూకున్నామో లేదో, ఒకటే కూత బాబూ! అందర్నీ బయటికి లాక్కొచ్చీసాను. పొగ పోయాకే గదా లోపలికి తెత్తాం, ఏటవుతాదిలే అనుకున్నాం."

సిగ్డీ అంటే బొగ్గుల కుంపటి. దాన్ని వాకిట్లో రాజేసి, ఎర్రబడ్డాక గదిలో పెట్టుకోవడం అక్కడి అలవాటు. పగలంతా వాసన లేని గ్యాస్‌ను వెతికి పట్టే మనిషి, ఇంటికెళ్లి దాని పక్కనే చలి కాచుకున్నాడు.

కుంపటి బయటికి పోయింది, తలనొప్పులు వారంలో పోయాయి. దిగులు మాత్రం మందులు వాడగా వేసవికి గానీ తగ్గలేదు. అదంతా గ్యాస్ పనేనా అని మానసిక వైద్యుణ్ణి అడిగితే తేల్చి చెప్పలేమన్నారు. నేనూ చెప్పలేను. అతనికి ఫిట్ అని మాత్రం రాశాను.

మా ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ డ్యూటీ గురించినవే. రిటైరయ్యేదాకా ప్రతి ఫారం అడుగునా ఇంకొకటి చేత్తో రాసి అడిగాను: ఇంటికెళ్లాక ఎక్కడ కూర్చుంటావు?